సెప్టెంబరు మంచుపై స్కీయింగ్: మా అమ్మాయికి ఏ జాగ్రత్తలు చెప్పాలి?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లె. వరి, కొబ్బరి తప్ప మంచు ఎరుగని నేల. సియాటిల్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఏడాదిలో ఏ నెలా తప్పకుండా స్కీయింగ్ చేయాలన్న పట్టుదలతో ఉంది. వేసవి చివర స్కీయర్లను కొండపైకి చేర్చే లిఫ్టులు చుట్టుపక్కల నడవవు కనుక, అక్కడికి దగ్గర్లోని మౌంట్ రెయినియర్ అనే మంచుకొండపై సుమారు 5,400 అడుగుల ఎత్తునున్న పారడైజ్ నుంచి స్కీలు వీపున కట్టుకుని నడిచి, 10,188 అడుగుల ఎత్తునున్న క్యాంప్ మ్యూర్ దాకా ఎక్కి, మ్యూర్ మంచు మైదానం మీదుగా జారుతూ దిగి వస్తుంది.

కిందటి వారం పంపిన ఫొటోలో ఆ మంచు నున్నగా లేదు. కోతలయ్యాక ఎండిన చేలో గేదెల గిట్టల గుంటలు మిగిలినట్లు వరుసగా గుంటలు, వాటి అంచుల్లో నల్లటి దుమ్ము. ఎండకు కరిగి ఏర్పడే వీటిని సన్‌కప్స్ అంటారట. వాటికంటే నన్ను ఎక్కువగా భయపెడుతున్నవి, పైమంచు కరిగేకొద్దీ తెరుచుకునే పగుళ్లు, ఒక్కసారిగా కమ్ముకునే మేఘం. ఆ తెల్లదనంలో దారి తప్పితే పక్కనున్న హిమానీనదాల వైపు వెళ్లిపోయే ప్రమాదం ఉందని చదివాను.

ఆ కొండ ఎక్కినవారు దయచేసి చెప్పండి. సెప్టెంబరులో పగుళ్లు ఏ ఎత్తు నుంచి కనిపిస్తాయి? రాత్రి గడ్డకట్టిన మంచు స్కీ అంచు పట్టేంత మెత్తబడాలంటే పొద్దున ఎంతసేపు ఆగాలి? జీపీఎస్ ఉన్నా సరే, ఒంటరిగా వెళ్లవద్దని గట్టిగా చెప్పడం సబబేనా? తనను ఆపడం నా ఉద్దేశం కాదు. దసరాకు ముందే మళ్లీ వెళతానంటోంది.