లైబ్రరీ మ్యాచ్ 96 వచ్చింది, మెఫెడ్రోన్ అని రిపోర్టు రాసెయ్యొచ్చా?

కొత్తబెంచి:
పట్టుబడిన తెల్ల పొడి, మత్తుమందేమో తేల్చమని మా ల్యాబ్‌కి వచ్చింది. మార్కిస్ రియేజెంట్ (మత్తుమందుల్ని రంగుతో పట్టే ద్రావణం) వేస్తే చెప్పుకోదగ్గ రంగేమీ రాలేదు. జీసీ-ఎంఎస్‌లో (జీసీ పదార్థాల్ని విడదీస్తుంది, ఎంఎస్ వాటి ముక్కల బరువులు కొలుస్తుంది) పెడితే ఒకటే పీక్, ఆ ముక్కల నమూనాని పోల్చే లైబ్రరీలో మొదటి పేరు మెఫెడ్రోన్ అనే మత్తుమందు, అంటే 4-ఎంఎంసీ, స్కోరు 96. కాకపోతే దాని కిందే 3-ఎంఎంసీ 95తో కూర్చుంది, ఆ కింద 2-ఎంఎంసీ; ఈ మూడూ ఐసోమర్లు, రింగు మీద మిథైల్ ఉన్న చోటే తేడా. మా దగ్గర ఉన్న స్టాండర్డ్ (పోల్చడానికి వాడే అసలు నమూనా) 4-ఎంఎంసీ ఒక్కటే, రిటెన్షన్ టైమ్ (జీసీ నుంచి బయటికి రావడానికి పట్టే సమయం) దానికి దగ్గరగానే ఉంది. రిపోర్టు ఎప్పుడిస్తావని పైనుంచి ఒకటే తొందర. ఇది చాలదా, నేనే అనవసరంగా టెన్షన్ పడుతున్నానా?

స్పెక్ట్రమ్‌పిచ్చి:
చాలదండీ. స్కోరు పక్కన పెట్టి స్పెక్ట్రమ్ చూడండి. 58 దగ్గర ఆకాశమంత పీక్, 91, 119 దగ్గర బుల్లి బుల్లివి, 177 మాలిక్యులర్ అయాన్ (విరగని పూర్తి అణువు) ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. ఆ 58 నైట్రోజన్ ఉన్న పక్క గొలుసు ముక్క, అందులో బెంజీన్ రింగే లేదు, ఇక రింగు మీద మిథైల్ ఏ స్థానంలో ఉందో అదెలా చెబుతుంది? మెథాంఫెటమిన్‌కి కూడా బేస్ పీక్, అంటే అన్నిటికన్నా పెద్ద పీక్, 58యే. 96కీ 95కీ మధ్య తేడా ఉత్త నాయిస్.

ఇంకోటి, జీసీ ఒకటి, ఎంఎస్ ఒకటి, ఎస్‌డబ్ల్యూజీడ్రగ్ (మత్తుమందుల పరీక్షలకి ప్రమాణాలు సూచించే నిపుణుల బృందం) సిఫార్సుల ప్రకారం రెండు టెక్నిక్‌లూ అయిపోయాయిగా అని ఎవరైనా అంటారు. లెక్కకి అయినట్టే, కానీ ఐసోమర్లు విడిపోలేదు కదా.

రాత్రిషిఫ్ట్:
క్యూటాఫ్ (మాస్‌ని చాలా కచ్చితంగా కొలిచే ఎంఎస్) ఉంటే దాంట్లో పెట్టండి, నాలుగు దశాంశాల వరకు మాస్ ఇస్తుంది, గొడవ తీరిపోతుంది.

స్పెక్ట్రమ్‌పిచ్చి:
తీరదు. మూడింటికీ ఫార్ములా ఒకటే, ప్రోటోనేటెడ్ మాస్ మూడింటికీ 178.1226. మాస్ ఎంత కచ్చితంగా కొలిచినా స్థానం తెలీదు. ఇక్కడ పనికొచ్చేది ఐఆర్, అంటే ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రమ్. ఒకటే పీక్ వచ్చింది అంటున్నారు కానీ చక్కెర లాంటివి మామూలు జీసీలో కనబడవు, అందుకని ముందు బేస్‌గా ఎక్స్‌ట్రాక్ట్ చేసి, మళ్లీ హైడ్రోక్లోరైడ్ లవణంగా మార్చి, అప్పుడు ఎఫ్‌టీఐఆర్ పరికరంలో ఐఆర్ తీసి పోల్చండి. పోల్చేది కూడా అదే లవణంతో సుమా, బేస్ స్పెక్ట్రమ్‌తో పోలిస్తే ఏదీ కలవదు.

మిథనాల్‌మాస్టారు:
పై సలహాతో ఏకీభవిస్తాను. రిటెన్షన్ టైమ్ దగ్గరగా ఉంది అనడం మాత్రం వద్దు, మూడు స్టాండర్డ్‌లూ తెప్పించి ఒకే రోజు, ఒకే మెథడ్‌లో నడిపి, మూడూ విడిపోతున్నాయని చూపించాకే ఆ మాట అనాలి. రోజులు గడిచేకొద్దీ కొత్త పదార్థాలు వస్తాయి, సమస్య మాత్రం ఇదే. నైటజీన్లలో (ఓపియాయిడ్ రకం మత్తుమందులు) ఐసోటోనిటజీన్, ప్రోటోనిటజీన్ చూడండి, రెండింటికీ మాస్ 410, రెండింటికీ బేస్ పీక్ 86. సింథటిక్ కానబినాయిడ్లలో (గంజాయి మత్తుని అనుకరించే కృత్రిమ రసాయనాలు) అయితే పరికరమే కొత్త పదార్థాన్ని పుట్టిస్తుంది: వాటిలో ఒకటైన పీబీ-22ని మిథనాల్‌లో కరిగించి జీసీలో వేస్తే ఇంజెక్టర్ వేడికి మిథైల్ ఎస్టర్ తయారవుతుంది, అసలు సరుకులో అది ఉందని రాసేస్తే అంతే సంగతులు.

కొత్తబెంచి:
ఐఆర్ ఉంది, రేపు తీస్తా. మిగతా స్టాండర్డ్‌లు వచ్చేసరికి ఆలస్యమయ్యేలా ఉంది, ఈలోగా రిపోర్టు అడిగితే?

మిథనాల్‌మాస్టారు:
ఐఆర్ కూడా తేల్చకపోతే "మిథైల్‌మెథ్‌కాథినోన్, స్థాన ఐసోమర్ తేల్చలేదు" అని రాయండి. మూడూ చట్టంలో ఒకే గుంపు కింద వస్తాయా అన్నది ముందే కనుక్కోండి, వస్తే ఆ వాక్యమే సరిపోవచ్చు. వీలైతే ఎన్‌ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంతో అణువు నిర్మాణం చూపే పరికరం) ఉన్న ల్యాబ్‌కి కొంచెం పంపండి, ఆరోమాటిక్, అంటే బెంజీన్ రింగు, సిగ్నళ్లలోనే స్థానం తేలిపోతుంది.