అప్‌డేట్: ఆర్‌ఎక్స్ 100 సీజ్ అవడానికి కారణం దొరికింది

ఇంతకుముందు నేను అడిగింది ఇదీ: చాలా ఏళ్ళు మూలనపడ్డ యమహా ఆర్‌ఎక్స్ 100 (టూ-స్ట్రోక్ బైక్)ని మళ్ళీ రేస్ ట్రాక్ కోసం తీస్తే, స్ట్రెయిట్ (ట్రాక్‌లో తిన్నగా ఉండే భాగం) చివర థ్రాటిల్ మూయగానే పిస్టన్ సిలిండర్‌లో పట్టేస్తోంది (సీజ్ అవుతోంది). ఆయిల్ తక్కువైందని చాలామంది అన్నారు. అది కాదు అన్నా, మాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వైపు క్రాంక్ సీల్, అంటే క్రాంక్ షాఫ్ట్ చుట్టూ గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగు, పోయింది.

విజయవాడ ఆటోనగర్‌లో ఎగ్జాస్ట్, కార్బురేటర్ దారులు రబ్బరుతో మూసి, ప్లగ్ రంధ్రం నుంచి 6 పిఎస్ఐ ఒత్తిడితో గాలి పెట్టాం. ఐదారు నిమిషాలు నిలవాల్సింది నిమిషంలోనే సగానికి పడింది. సబ్బునీళ్ళు పూస్తే మాగ్నెట్ వెనక సన్నటి బుడగలు. వాడకుండా ఉంచితే సీల్ పెదవి గట్టిపడిపోతుంది, అక్కడ గాలి లాగి మిశ్రమం పలచబడుతుంది (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ), ఇంజిన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపు సీల్ పోతే గేర్ ఆయిల్ లాగి తెల్లపొగ వస్తుంది కాబట్టి వెంటనే తెలుస్తుంది. ఇటువైపు పోతే పొగ కూడా రాదు, అదే ప్రమాదం.

రెండు సీళ్ళూ మార్చాం. సిలిండర్ బోర్ 0.25 మి.మీ. ఓవర్‌సైజ్ చేయించాం, పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య ఖాళీ (క్లియరెన్స్) 0.05 మి.మీ. బోరింగ్ తర్వాత పోర్టుల (సిలిండర్ గోడలోని రంధ్రాల) అంచులు తప్పకుండా నున్నగా రుద్దించండి, లేకపోతే పిస్టన్ రింగ్ తగులుకుని విరుగుతుంది.

ఆయిల్ పంపు తీసేశాం కాబట్టి లీటరు పెట్రోలుకి 33 మి.లీ. టూ-స్ట్రోక్ ఆయిల్ ట్యాంకులోనే కలుపుతున్నాం. ఇప్పటి ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు మిశ్రమాన్ని ఇంకా పలచన చేస్తుంది, అందుకే కార్బురేటర్ మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం) రెండు సైజులు పెంచి, ప్లగ్ రంగు చూస్తూ ఒక్కో సైజు తగ్గిస్తున్నాం.

స్ట్రెయిట్ చివర థ్రాటిల్ మూసినప్పుడు పెట్రోలుతోపాటు ఆయిలూ ఆగిపోతుంది. పిస్టన్ పట్టేస్తే వెంటనే నొక్కడానికి క్లచ్ మీద రెండు వేళ్ళు ఉంచి, ఆయిల్ అందేలా మధ్యలో ఒకసారి చిన్నగా థ్రాటిల్ తిప్పండి.