పాస్తా సలాడ్‌కి ఉడికిన పాస్తాని చన్నీళ్ళతో కడగాలా, వద్దా?

పెరటి_బీరపాదు (ఎడిసన్, న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. వారం రోజులుగా మా ఇంట్లో దీని మీదే మాటలు నడుస్తున్నాయి, అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

పోయిన శనివారం పిల్లల తెలుగు బడి వాళ్ళ పాట్‌లక్, అదే తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినే విందు, పార్కులో. జులై కదా, పెరట్లో చెర్రీ టమాటాలు గుత్తులుగా పండుతున్నాయి. జుకినీ (దోసకాయలాంటి కూరగాయ) అయితే ఒక్క పూట చూడకపోతే మోచేయంత అవుతోంది. రోడ్డు పక్కన రైతు బల్ల మీద ఆ పొద్దునే విరిచిన మొక్కజొన్న కంకులు దొరికాయి. ఇవన్నీ వేసి పాస్తా సలాడ్ చేద్దామనుకున్నా. రెండు పౌండ్ల ఫుసిలీ, అదే మెలికల పాస్తా, ఉడికించి చిల్లుల గిన్నెలో వంచి, చల్లారేదాకా కుళాయి కింద కడిగాను. కూరగాయ ముక్కలు వేసి, ఆలివ్ నూనె, నిమ్మరసం, దంచిన వెల్లుల్లి, మిరియాలు, ఉప్పు కలిపి పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను.

పొద్దున మూత తీస్తే అడుగున అరగ్లాసు నీళ్ళు! పైన ముక్క పుల్లగా ఉంది, లోపల పాస్తా చప్పగా ఉంది. మా అబ్బాయి టమాటాలు ఏరుకు తిని మిగతాది వదిలేశాడు. ట్రేలో సగానికి పైగా ఇంటికి తిరిగొచ్చింది.

"కడిగావు, అందుకే అలా అయింది" అంది స్నేహితురాలు. "కడక్కపోతే ముద్ద కట్టేది" అంటుంది మా తోడికోడలు. చేసి చూసినవాళ్ళు చెప్పండి.

కొత్తిమీర_కట్ట (డల్లాస్)

కడగాలి. పదిహేనేళ్ళుగా గుడి పాట్‌లక్‌లకి చేస్తున్నాను, కడగకుండా ఒక్కసారీ చెయ్యలేదు.

పొయ్యి మీంచి దించినా పాస్తా లోపలి వేడికి ఉడుకుతూనే ఉంటుంది. సలాడ్‌కి అది పనికిరాదు. పైగా ఉడికిన పాస్తా మీద గంజి ఉంటుంది, చల్లారాక అదే జిగురవుతుంది. వేడి వేడిగా తినే పాస్తాకి ఆ గంజి కావాలి, సాస్ పట్టుకుంటుంది. చల్లగా తినేదానికి దేనికది విడిగా ఉండాలి. సేమ్యా వార్చాక మన ఇళ్ళలో చన్నీళ్ళు పోసేది ఎందుకు? పొడిపొడిగా రావడానికే కదా.

ఇంకోటి, ఇది రుచి కన్నా ముఖ్యం. డల్లాస్ ఎండ మీకు తెలుసు. వండిన పదార్థం బయట రెండు గంటలకి మించి ఉంచొద్దని, 90 ఫారన్‌హీట్ దాటితే గంటే గడువని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. వేడి పాస్తాని అలాగే పెద్ద గిన్నెలో వదిలేస్తే మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. పిల్లలు తినేది. చన్నీళ్ళు పోస్తే రెండు నిమిషాల్లో ఆ భయం పోతుంది.

బొలోన్యా_పిల్లగాడు (ఇటలీ, మాది కరీంనగర్)

అక్కా, మూడేండ్ల సంది ఇక్కడ చదువుకుంటున్న. ఇక్కడ గూడ ఇదే లొల్లి ఉన్నది. కడిగేటోళ్ళు ఉన్నరు, కడిగితే పాపం అనేటోళ్ళూ ఉన్నరు. "ఇటలీల ఎవ్వరూ కడగరు" అని నెట్ల రాస్తరు, అది నిజం కాదు.

మా ఇంటి ఓనరమ్మ మాత్రం కడగనియ్యది. ఆగస్టు 15న ఫెర్రాగోస్తో అని పండుగ. ఊర్లె ఎవరుండరు, అందరు సముద్రం ఒడ్డుకు పోతరు, డబ్బాలల్ల ఇన్సలాతా ది పాస్తా, అంటే పాస్తా సలాడే, పట్కపోతరు. పోయినేడు ఆమెతోని నేను చేసిన. పాస్తా వంచుడుతోనే పెద్ద పళ్ళెంల పలుచగ పరిచింది, రెండు చెంచాల నూనె పోసి చెక్క గరిటెతోని అటిటు కదిపింది, కిటికీ కాడ పెట్టింది. పావుగంటల చల్లారింది. ఒక్క ముక్క ఇంకో ముక్కకు అంటలేదు.

ఇంకో మాట. ఏ పాస్తా కొన్నరో చూస్కోండ్రి. ఇక్కడ 1967 సంది చట్టం ప్రకారం ఎండు పాస్తా దురుమ్ గోధుమ రవ్వతోనే చెయ్యాలె. అది గట్టి గోధుమ, ఉడికినా విరగది, గంజి తక్కువ ఇడుస్తది. మైదా కలిసినదైతే మెత్తగయ్యి జిగురు ఎక్కువొస్తది. గసొంటిదానికి కడుగుడు తప్పది కావచ్చు. ప్యాకెట్ ఎనుక సదివితే తెలుస్తది.

రాజమండ్రి_పెద్దమ్మ (ప్రస్తుతం కూతురింట్లో, షార్లెట్)

అమ్మాయ్ బీరపాదూ, నాకు పాస్తా గురించి తెలిసింది ఈ రెండేళ్ళలోనే. కానీ నువ్వడిగింది పాస్తా సంగతి కాదమ్మా, పులిహోర సంగతి.

పులిహోరకి అన్నం ముద్దవుతుందని ఎవరైనా అన్నాన్ని కడుగుతారా? పలుకుగా వార్చి, బేసిన్‌లో ఆరబోసి, వేడి మీదే పసుపు, నూనె, కాస్త ఉప్పు వేసి, మెతుకు విరక్కుండా అరచేత్తో కలిపి వదిలేస్తాం. ఆవిరి పోయేకొద్దీ మెతుకు బిగుస్తుంది. చింతపండు పులుసు కూడా గోరువెచ్చగా ఉన్నప్పుడే పట్టిస్తాం, పూర్తిగా చల్లారాక కలిపితే పులుపు పైపైనే ఉంటుంది. నువ్వు చెప్పిన "ముక్క పుల్లగా, పాస్తా చప్పగా" అచ్చం అదే.

మొన్న మా అమ్మాయి చేస్తుంటే గిన్నె లాక్కుని నేనే కలిపాను. పళ్ళెంలో పరిచి, పొగలు తగ్గగానే నిమ్మరసం, నూనె, ఉప్పు కలిపిన దాంట్లో సగం పోశాను. మిగతా సగం వడ్డించే ముందు. మా అల్లుడు రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

కొత్తిమీర_కట్ట

పెద్దమ్మ గారూ, మీ పులిహోర మాట కాదనను. కానీ బియ్యం వేరు, పాస్తా వేరు. అన్నానికి గంజి వార్చేస్తాం, అక్కడే జిగురు సగం పోతుంది. ఇంకోటి, నేను చేసేది పది పౌండ్లు, అంటే నాలుగున్నర కిలోలు. పరచడానికి ఎన్ని పళ్ళేలు కావాలి? నా వంటింట్లో గట్టు మీద రెండు ట్రేలు పడితే ఎక్కువ.

శేరిలింగంపల్లి_శ్రావణి (హైదరాబాద్)

మధ్యలో దూరుతున్నా, క్షమించండి. ఇక్కడ మన ఎండాకాలం ఏప్రిల్, మే. జుకినీ నేను కొనను, ఆ ధరకి వారం కూరగాయలొస్తాయి. పచ్చ దోసకాయ గింజ తీసి చిన్న ముక్కలు, ఉల్లికాడలు, ఉడికించిన మొక్కజొన్న, నిమ్మకాయ బదులు పుల్ల మామిడికాయ తురుము వేస్తాను. దోసకాయ చేదు చూసుకుని వేయాలి, ఒక్క చేదు కాయ గిన్నెంతా పాడు చేస్తుంది. పాస్తా కడగను. కడిగినప్పుడల్లా మామిడి పులుపు చాల్లేదనిపించింది.

గుంటూరు_కెమిస్ట్రీ_మాస్టారు

రెండు వేర్వేరు సమస్యలు కలిసిపోయాయి. అడుగున చేరిన నీళ్ళు ఒకటి, పాస్తా చప్పదనం రెండోది.

అరగ్లాసు నీళ్ళూ కడగడం వల్ల వచ్చాయంటే నేను ఒప్పుకోను. చిల్లుల గిన్నెలో బాగా వంచితే మెలికల్లో కొంత తడి ఉంటుంది, అంతే. ఆ నీళ్ళు టమాటావి, జుకినీవి. కోసిన ముక్క మీద ఉప్పు పడితే లోపలి నీరు బయటికొస్తుంది. ఆవకాయకి కాకుండా మాగాయకి ముక్కల్ని ఉప్పులో ఊరేసి పిండి ఎండబెట్టేది ఆ నీటిని తీసెయ్యడానికే. ఇక్కడ కూడా అలాగే చేయండి. జుకినీ జానెడు లోపు లేతవి తీసుకోండి, ముదిరితే మధ్యంతా గింజ, నీరు. పల్చగా కోసి ఉప్పు రాసి ఇరవై నిమిషాలుంచి గుడ్డలో పిండండి. టమాటాలు సగానికి కోసి ఉప్పు చల్లి జల్లెడలో ఉంచండి. కారిన రసం పారబొయ్యకండి, అందులోనే నిమ్మరసం, నూనె కలుపుకోండి. టమాటా రుచంతా ఆ రసంలో ఉంటుంది.

చప్పదనం సంగతి. పాస్తా వేడిగా ఉన్నప్పుడు పళ్ళెంలో పరిస్తే పై తడి ఆవిరైపోతుంది, పైపొర పులుసుని పీల్చుకోడానికి సిద్ధంగా ఉంటుంది. కడిగితే ప్రతి ముక్క మీదా పల్చటి నీటి పొర మిగిలి, పోసిన నిమ్మరసాన్ని అక్కడే పలచన చేస్తుంది. ఉడికే నీళ్ళలో పట్టిన ఉప్పు కూడా పై నుంచి కొంత పోతుంది. ఇటలీ లెక్క గుర్తుంచుకోవడం తేలిక: 100 గ్రాముల పాస్తాకి లీటరు నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు. చల్లటి పదార్థంలో రుచి నాలుకకి తక్కువగా తెలుస్తుంది కూడా.

కడిగేవాళ్ళూ కడగనివాళ్ళూ ఇద్దరూ మర్చిపోయేది ఒకటుంది. పిండి పదార్థం చల్లారితే గట్టిపడుతుంది, నిన్నటి అన్నం లాగే. అందుకని సలాడ్‌కి పాస్తా ప్యాకెట్ మీద రాసిన దానికంటే ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ ఉడకాలి. కొత్తిమీర కట్ట గారు "ఉడుకు ఆగాలి" అన్నారు. వేడి పాస్తాకి సరే, దీనికి ఆ భయం అక్కర్లేదు.

టమాటాల్ని మాత్రం కలిపేదాకా ఫ్రిజ్‌లో పెట్టకండి. చలిలో రోజుల తరబడి ఉంచితే వాసననిచ్చే పదార్థాల తయారీ కాయలో తగ్గిపోతుందని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో చూపించారు. న్యూజెర్సీలో ఉన్నారు, 1934లో రట్గర్స్ రకం టమాటా వచ్చిన నేల అది. అక్కడి కాయని ఫ్రిజ్‌లో పెట్టడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

బొలోన్యా_పిల్లగాడు

మాస్టారూ, బీన్స్ గూడ చెప్పుండ్రి. నేను ముందుగాల్నే కలిపితే పొద్దటికి ఎండుటాకు రంగుకొస్తున్నయ్.

గుంటూరు_కెమిస్ట్రీ_మాస్టారు

నిమ్మరసం తమ్ముడూ. పులుపు తగిలితే ఆకుపచ్చ రంగులోని మెగ్నీషియం ఊడిపోతుంది, రంగు మారుతుంది. బీన్స్, తులసి జాతి బేసిల్ ఆకు రెండూ వడ్డించే ముందే వేయాలి.

పెరటి_బీరపాదు

ఆదివారం కూర్చుని చేసి చూశాను. ఒకే పౌండు ప్యాకెట్, ఒకే గిన్నెలో రెండు నిమిషాలు ఎక్కువ ఉడికించి సగం సగం చేశాను. ఒక సగం కుళాయి కింద కడిగాను. రెండో సగం ట్రేలో పరిచి, మాస్టారు గారు చెప్పినట్టు టమాటా రసంతో చేసిన పులుసులో సగం వేడి మీదే పోశాను. కడిగినదానికీ అంతే కొలత, చల్లారాక. జుకినీ ఉప్పేసి పిండాను. గుప్పెడు ముక్కల్లోంచి పావుగ్లాసు నీళ్ళు కారాయి, నమ్మలేకపోయాను. మొక్కజొన్న పచ్చిగా కాకుండా కంకినే పెనం మీద కాల్చి గింజలు కోశాను. రెండు గిన్నెలూ ఫ్రిజ్‌లో నాలుగు గంటలు.

కడగని గిన్నె అడుగున నీళ్ళు లేవు. కడిగిన దాంట్లో రెండు చెంచాలుంటాయి, అంతే. అంటే నా అరగ్లాసుకి కారణం కూరగాయలే, ఆ మాట ఒప్పుకుంటున్నాను. ముద్ద కట్టడం రెంటిలోనూ లేదు. పరిచిన దాంట్లో మూల మీద నాలుగు ముక్కలు అంటుకున్నాయి, వేలితో విడదీస్తే విడిపోయాయి.

కానీ రుచి. ఒక ఫుసిలీ ముక్క తీసి టమాటా తగలకుండా ఒక్కటే నమిలి చూశాను. కడిగిన దాంట్లో మొదట నిమ్మ తగిలింది, ఆ తర్వాత ఉత్త పిండి. కడగని దాంట్లో చివరిదాకా వెల్లుల్లి ఉంది. మావారికి ఏది ఏదో చెప్పకుండా పెట్టాను, రెండుసార్లూ కడగనిదే పట్టుకున్నారు. మా అబ్బాయి ఈసారి టమాటాలు ఏరలేదు, గిన్నె పట్టుకుపోయాడు.

పెద్దమ్మ గారూ, నేనిక కడగను.

రాజమండ్రి_పెద్దమ్మ

సంతోషం తల్లీ. ఈసారి చివర్లో పోపు కూడా వేసి చూడు. ఆవాలు, ఎండుమిర్చి చాలు, ఇంగువ వద్దు, ఆ బేసిల్ వాసనతో పడదు.

కొత్తిమీర_కట్ట

బీరపాదు గారూ, ఇంత ఓపికగా చేసి చూపించినందుకు ధన్యవాదాలు. ఇంట్లో నలుగురికైతే పళ్ళెంలోనే పరుస్తాను, ఆ మాట వెనక్కి తీసుకోను. పది పౌండ్లకి మాత్రం కడుగుతాను. నాలుగున్నర కిలోల వేడి పాస్తా గుట్టగా ఉంటే డల్లాస్ జులైలో చల్లారదు, వంద మంది తినే దగ్గర నేను ఆ సాహసం చెయ్యను. కాకపోతే ఇప్పటిదాకా కడిగి నేరుగా కలిపేసేదాన్ని. ఇక మీదట కడిగాక శుభ్రమైన పంచె మీద పదినిమిషాలు ఆరబోస్తాను, జుకినీ పిండుతాను, ఉడికే నీళ్ళలో ఉప్పు కొలిచి వేస్తాను. ఆగస్టు రెండో వారంలో గుడిలో ఉంది, ట్రే ఎంత ఖాళీ అయిందో వచ్చి రాస్తాను.