మతం పేరెత్తకుండా 1948 పాఠం చెప్పగలమా?

పీరియడ్_గంట (చర్చ మొదలు)

8వ తరగతి సాంఘికశాస్త్రంలో హైదరాబాదు సంస్థానం పాఠం గురించి. బళ్లలో రెండు పద్ధతులు నడుస్తున్నాయి. కొందరు రజాకార్లను "ప్రైవేటు సైన్యం" అని ఒక్క మాటలో దాటేసి భూమి, వెట్టి, దొరల గడీల మీదే పాఠం నడుపుతారు. ఇంకొందరు ముస్లిం రాజు, హిందూ ప్రజలు అని మొదలుపెట్టి 1948 సెప్టెంబరు 17తో ఆపేస్తారు. ఆ తేదీ తర్వాత మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లింల మీద జరిగిన హత్యాకాండ రెంటిలోనూ కనపడదు. 13 ఏళ్ల పిల్లలకు ఏది ఎంతవరకు చెప్పాలి? సంస్థానం భారత్‌లో కలవడం విమోచనమా, విలీనమా అనే పంచాయితీ మాత్రం ఇక్కడ వద్దు. దానికి ప్రతి సెప్టెంబరులో మైదానాలు, మైకులు ఎలాగూ ఉన్నాయి.

దేవరుప్పుల_దారి

మొదటి పద్ధతే నయం. ముందు బోర్డు మీద భూమి లెక్క రాయండి: సంస్థానంలో సుమారు 60 శాతం దివానీ (అంటే సర్కారు భూమి), 30 శాతం జాగీర్లు, 10 శాతం నిజాం సొంత సర్ఫెఖాస్. దివానీ ఊళ్ల మీద పెత్తనం ఎవరిది? దేశ్‌ముఖ్‌లది. వాళ్లలో ఎక్కువమంది హిందువులే. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మీద భూమి కోసం కోర్టుదాకా పోయి కొట్లాడిన షేక్ బందగీ ముస్లిం రైతు, ఆయన్ను చంపింది గడీ మనుషులు. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చిందీ ఆ గడీ మనుషులే. ఈ రెండు చావులు పక్కపక్కన పెడితే ఎవరు ఎవరి మీద తిరగబడ్డారో పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. ఇక మతం ఎందుకు తేవాలె?

నాందేడ్_బండి

అన్నా, మీరు చెప్పింది నల్లగొండ, వరంగల్‌కు సరిపోతది. సంస్థానం అంటే ఆ రెండే కాదు గదా. 16 జిల్లాల్లో 8 తెలుగువి, 5 మరాఠీవి, 3 కన్నడవి. మరాఠ్వాడాలో ఆర్యసమాజం, స్టేట్ కాంగ్రెస్ ముందుండి నడిచినయి. 1938–39 ఆర్యసమాజ సత్యాగ్రహాన్ని భూమి లెక్కతో ఎట్ల చెప్తరు? జనంలో దాదాపు సగం మంది మాట్లాడే తెలుగును పక్కనబెట్టి ఉర్దూలో పాలన, ఉర్దూలో యూనివర్సిటీ చదువు. సభ పెట్టాలంటే ముందు అనుమతి కావాలనే గస్తీ నిషాన్ 53 ఉత్తర్వు అడ్డం. "ప్రతి ముస్లిం ఈ రాజ్యానికి యజమానే" అనే అర్థంలో ముస్లిం పార్టీ మజ్లిస్ చేసిన "అనల్ మాలిక్" ప్రచారం. ఇవన్నీ మతం మాట లేకుండ చెప్తే పాఠంలో పెద్ద బొంద మిగుల్తది. ఆ బొందను సాయంత్రానికి వాట్సాప్ నింపుతది.

ఫసలీ_1357

వాదనకు ముందు సరుకు సరిగా ఉండాలి. ఈ పాఠంలో మామూలుగా దొర్లే తప్పులు ఇవి.

మూడు బలగాలను ఒకటిగా కలిపేస్తారు. సంస్థాన సైన్యం వేరు, దాని అధిపతి ఎల్ ఎద్రూస్. సంస్థాన పోలీసులు వేరు. రజాకార్లు మజ్లిస్ వలంటీర్లు, నాయకుడు లాతూరు వకీలు కాసిం రజ్వీ. ఊళ్ల మీద దాడుల్లో పోలీసులు, రజాకార్లు కలిసి వచ్చిన సందర్భాలున్నాయి, అది నిజం. కానీ మూడు గడులు గీసి, ఎవరి జీతం ఎవరిచ్చారు, ఎవరి మాట ఎవరు విన్నారు అని నింపిస్తే "రజాకారు" అన్నది ఒక సంస్థ సభ్యుడిగా అర్థమవుతుంది. గడులు గీయకపోతే వెనక బెంచీలో ఉన్న ముస్లిం పిల్లాడి వైపు తలలు తిరుగుతాయి.

తేదీల్లోనూ గందరగోళమే. భారత సైన్యం కదిలింది సెప్టెంబరు 13న. నిజాం కాల్పుల విరమణ ప్రకటించింది 17న. ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లొంగిపోయింది 18న. పాత కాగితాలు చూపిస్తే వాటి మీద నిజాం సర్కారు వాడిన ఫసలీ సంవత్సరం ఉంటుంది. దానికి నెలను బట్టి 590 గానీ 591 గానీ కలపాలి. 1949 నాటి జాగీర్ల రద్దు చట్టం మీద 1358 అని ఉంటే పిల్లలు నిజాంల తాతల కాలం అనుకుంటారు.

పటం సంగతి మరీ ఘోరం. ఇప్పటి తెలంగాణ పటం మీదే 1948ని గీయిస్తున్నారు. అందులో ఔరంగాబాద్, గుల్బర్గా ఉండవు. ఖమ్మం 1953 వరకు వరంగల్ జిల్లాలో భాగం. భద్రాచలం అసలు సంస్థానంలోనే లేదు, అది మద్రాసు రాష్ట్రపు తూర్పు గోదావరి.

పీరియడ్_గంట

పటం ముక్క బాగుంది. మరి 17 తర్వాతి సంగతి? ఆ హత్యల మీద వచ్చిన సుందర్‌లాల్ నివేదిక 8వ తరగతికి బరువు అనేవాళ్లే ఎక్కువ.

దేవరుప్పుల_దారి

బరువే. డిగ్రీలో చెప్పండి.

ప్రశ్నపత్రం

అలాగైతే బైరాన్‌పల్లి కూడా డిగ్రీకే పంపండి సార్. 1948 ఆగస్టు 27న రజాకార్లు, పోలీసులు ఆ ఊరి మీద పడ్డారు. అంతకుముందు ఒకటికి రెండుసార్లు బురుజు మీద కాపలా పెట్టి తరిమిన ఊరు అది. ఈసారి బురుజు కూలింది, దొరికినవాళ్లను వరసలో నిలబెట్టి కాల్చారు. మృతుల సంఖ్య పుస్తకానికో తీరుగా ఉంటుంది. దీన్ని 13 ఏళ్ల పిల్లలకు నెత్తురు మరకలతో సహా వర్ణిస్తున్నాం. 17 తర్వాత ఉస్మానాబాదులో ముస్లింల మీద జరిగింది చెప్పాలనేసరికి వాళ్ల వయసు గుర్తొస్తుందా? వయసు అడ్డమైతే రెంటికీ అడ్డమే.

నివేదిక సంగతి సూటిగా చెప్పొచ్చు. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులు 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో 16లో 9 జిల్లాలు తిరిగారు. పోలీసు చర్య (సెప్టెంబరు 13న మొదలైన సైనిక చర్యకు పెట్టిన పేరు) సమయంలో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని వాళ్ల అంచనా. ఎక్కువ దెబ్బ తిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. తర్వాతి వరసలో నల్లగొండ, మెదక్ కూడా ఉన్నాయి, కాబట్టి ఇది "అక్కడెక్కడో" జరిగిన సంగతీ కాదు. ముస్లిం కుటుంబాలను ఇళ్లలో దాచి కాపాడిన హిందువుల ప్రస్తావన కూడా అందులోనే ఉంది.

నాందేడ్_బండి

ఆ లెక్క మీద నాకు అభ్యంతరం ఉంది. శవాలు లెక్కబెట్టి రాసింది కాదు, ఊళ్లల్లో అడిగి కట్టిన అంచనా. సర్దార్ పటేల్ దాన్ని ఒప్పుకోనే లేదు. పాఠంలో అంకె పెడితే పిల్లలు గ్రామాల జనాభా లెక్కలాగ బట్టీ పడ్తరు.

ప్రశ్నపత్రం

ఆ మాటే పాఠం చేయండి. "అంచనా" అని రాసి, పక్కనే పటేల్ తిరస్కరించారని, ప్రభుత్వం దశాబ్దాలపాటు బయటపెట్టలేదని, 2013లో గానీ ఢిల్లీలోని నెహ్రూ మ్యూజియం లైబ్రరీలో జనం చేతికి రాలేదని రాయండి. సాయుధ పోరాటంలో పంచిన 10 లక్షల ఎకరాలు కూడా కమ్యూనిస్టు పార్టీ చెప్పిన లెక్కే. దానికి "పార్టీ లెక్క" అని పక్కన రాస్తున్నామా? ప్రతి అంకె పక్కన ఎవరు లెక్కించారు, ఎట్లా లెక్కించారు అని రెండు గడులుంటే చాలు.

ఫసలీ_1357

ఇంకొకటి. నిజాం పక్షం గురించి చెప్పగానే బ్యాలెన్సు కోసం షోయబుల్లా ఖాన్‌ను తెస్తారు. ఇమ్రోజ్ పత్రికలో భారత్‌లో చేరాలని రాసినందుకు 1948 ఆగస్టులో ఆయన్ను చంపారు. గొప్ప సంపాదకుడు, సందేహం లేదు. కానీ చివర్లో ఒక్క "మంచి ముస్లిం"గా చూపిస్తే మిగతావాళ్లంతా రజాకార్లేనని పిల్లలకు మనమే చెప్పినట్టు. ఆయన్ను పత్రికల దగ్గర, గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పక్కన చెప్పండి. కవి మఖ్దూం మొహియుద్దీన్‌ను కార్మిక సంఘాల దగ్గర చెప్పండి. పని ప్రకారం వస్తే మనిషి నిలబడతాడు.

దేవరుప్పుల_దారి

ఇది ఒప్పుకుంటా. బందగీని కూడా నేను అట్లనే వాడుతున్ననేమో అంటరు, కానీ ఆయన రైతుగానే వస్తడు నా పాఠంలో.

ఒక హెచ్చరిక. నాటకాలు వేయించొద్దు. రజాకారు వేషం ఎవరికిస్తరు? ఎవరికిచ్చినా ఏడాదంతా ఆ పేరే. "మీ తాతను అడిగి రాయండి" ప్రాజెక్టు కూడా వద్దు. ఒకే తరగతిలో ఊరి పటేల్ మనవడు, వెట్టి చేసినోళ్ల మనవరాలు కూచుంటరు.

పీరియడ్_గంట

1948లో 15 ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు 90 దాటారు. తాతను అడిగినా వచ్చేది విన్న మాటే. ఆ ప్రాజెక్టు ఎలాగూ చెల్లిపోయింది.

ప్రశ్నపత్రం గారూ, పరీక్షకు ఏం అడుగుతారు? "రజాకార్ల దురాగతాలను వివరించుము" అన్న ప్రశ్న ఉన్నంతకాలం ఈ గడులన్నీ గాలికే.

ప్రశ్నపత్రం

ఆ ప్రశ్న తీసేయండి. దానికి వచ్చే జవాబులో విశేషణాలే ఉంటాయి, మార్కులు వాటికే పడతాయి. బదులు పటం ప్రశ్న ఒకటి: 16 జిల్లాల ఖాళీ పటంలో కడివెండి, బైరాన్‌పల్లి, ఉస్మానాబాద్ గుర్తించి, ఒక్కోచోట ఏ ఏడాది, ఎవరు ఎవరి మీద దాడి చేశారో ఒక్క వాక్యం. ఇంకో ప్రశ్న: "1948 సెప్టెంబరు 17 తర్వాత నిజాం పదవి ఏమైంది? జాగీర్లు ఏమయ్యాయి? సాయుధ పోరాటం ఎప్పుడు ఆగింది?" జవాబులు వరసగా: 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్ (గవర్నర్ లాంటి పదవి), 1949లో రద్దు, 1951 అక్టోబరులో విరమణ. ఈ మూడూ రాసిన పిల్లలు ఆ ఒక్కరోజుతోనే అంతా తెల్లారిపోయిందని అనుకోరు.

నాందేడ్_బండి

నివేదిక మీద నా మాట మారలే, కానీ చెప్పేటోళ్లకు ఒక్కటి. బైరాన్‌పల్లి చెప్పంగనే గంట కొట్టిందనుకోండి, పిల్లలు దాంతోటే ఇంటర్వెల్‌కు పోతరు. మిగిలింది రేపు అన్నరు, రేపు ఆదివారం. రెండ్రోజులు సగం కథే బడంతా తిరుగుతది. చెప్పదల్చుకుంటే రెండూ ఒక్కపూటే చెప్పాలె. ఐదు పీరియడ్లుంటే భూమికి, భాషకు రెండు, మూడు బలగాల గడులకు ఒకటి, మిగిలిన రెండు పక్కపక్కన. లెక్కల సార్‌ను అడిగి ఆ రోజుకు పీరియడ్ మార్చుకోండి, శనివారం మాత్రం పెట్టుకోవద్దు.