1863 నాటి కవరు మీద రెండు శత్రు ప్రభుత్వాల స్టాంపులు ఎలా వచ్చాయి?

పాతకవర్లు:
అమెరికా అంతర్యుద్ధం నాటి కవరు ఒకటి వేలంలో ఉంది. దాని మీద యూనియన్ (ఉత్తరాది) 3 సెంట్ల స్టాంపు, పక్కనే కాన్ఫెడరేట్ (విడిపోయిన దక్షిణాది) 10 సెంట్ల స్టాంపు. తుపాకులు పేలుతుంటే రెండూ ఒకే ఉత్తరం మీద ఎలా చెల్లాయి? అసలుదో కాదో దేన్నిబట్టి చెప్పాలి?

తపాలాబిళ్ల:
దీన్ని తెల్లజెండా టపా అంటారండీ, అంటే యుద్ధం మధ్యలో తెల్లజెండా చూపి రెండు పక్షాలూ మార్చుకునే ఉత్తరాలు. 1861 జూన్ 1 నుంచి దక్షిణాది సొంత తపాలా నడిపింది. ఒకరి స్టాంపు ఇంకొకరి దగ్గర చెల్లదు, కాబట్టి ఎవరి కూలి వాళ్లకు కట్టాల్సిందే. అర ఔన్సు బరువుకు ఉత్తరాదిలో 3 సెంట్లు. దక్షిణాదిలో మొదట 500 మైళ్ల లోపు 5, ఆపైన 10. 1862 జూలై 1 నుంచి ఎంత దూరమైనా 10.

ఉత్తరాది నుంచి పంపేవాళ్లు ఒక్క పేజీకి మించి రాయకూడదు. ఇంటి క్షేమసమాచారాలే ఉండాలి, కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాలి. లోపలి కవరు అంటించకుండా, దక్షిణాది తపాలా ఖర్చుకు చిల్లర నాణెం జతచేసి, పై కవరులో పెట్టి, వర్జీనియాలో ఉత్తరాది చేతిలో ఉన్న ఫోర్ట్ మన్రో కోట సేనాధిపతి పేర పంపాలి. అక్కడ చదివి, పై కవరు తీసేసేవారు. యుద్ధం ఊసెత్తినా, రెండో పేజీ ఉన్నా ఉత్తరం ఆగిపోయేది. ఖైదీల మార్పిడి పడవల మీదే టపా వెళ్లేది గనుక, పడవ కదలకపోతే సంచులు అక్కడే పడి ఉండేవి. ఎదురుచూసే ఇళ్లకు అదే పెద్ద బాధ.

పాతకవర్లు:
పై కవరు తీసేస్తే, దీని మీద 3 సెంట్ల స్టాంపు ఎలా మిగిలింది?

ముద్రలపెట్టె:
మంచి పట్టు పట్టారు. రెండు స్టాంపులూ ఒకే కవరు మీద ఉన్నవి ఎక్కువగా యుద్ధఖైదీల ఉత్తరాలు. వాటిని శిబిరంలోనే తనిఖీ చేసేవారు గనుక పై కవరు అక్కర్లేదు. కాబట్టి ముందు జైలు శిబిరం తనిఖీ గుర్తు వెతకండి: చేత్తో రాసిన పొట్టి సంతకమో, ముద్రో ఉంటుంది. తర్వాత రద్దు ముద్రలు, అంటే స్టాంపు మళ్లీ వాడకుండా తపాలావాళ్లు కొట్టేవి, చూడండి. యూనియన్ స్టాంపు మీద ఓల్డ్ పాయింట్ కంఫర్ట్ (ఫోర్ట్ మన్రో దగ్గరి తపాలా కార్యాలయం) లాంటి ఉత్తరాది ముద్ర, కాన్ఫెడరేట్ స్టాంపు మీద దక్షిణాది రాజధాని రిచ్‌మండ్ లాంటి దక్షిణాది ముద్ర పడాలి. రిచ్‌మండ్ ముద్ర 3 సెంట్ల స్టాంపు మీదికి పాకితే నేనైతే నిపుణుల ధ్రువపత్రం లేకుండా కొనను. దక్షిణాది స్టాంపు దొరకని కవర్ల మీద 10 సెంట్లు బాకీ అని ముద్ర కొట్టి, అందుకునేవాళ్ల దగ్గర వసూలు చేసేవారు. అలాంటి కవరుకు తర్వాత ఎవరో స్టాంపు అతికించి ఉండొచ్చు. బాకీ ముద్ర, స్టాంపు రెండూ ఉంటే జాగ్రత్త.

తపాలాబిళ్ల:
ఇంకొకటి. యూనియన్ స్టాంపు 1861 నమూనాదేనా చూడండి. దక్షిణాది చేతిలో మిగిలిన నిల్వలు పనికిరాకుండా, పాత స్టాంపులను ఆ ఏడాదే చెల్లనివిగా ప్రకటించారు. ముద్రల్లో చాలావాటికి సంవత్సరం ఉండదు, నెలా తేదీ మాత్రమే. లోపలి ఉత్తరం లేకుండా 1863 అని ఏ ఆధారంతో రాశారో అమ్మేవారిని అడగండి.