సెన్సర్‌కి డౌటా? ‘అనిశ్చితి’కి వేరే మాట కావాలి
డిప్లొమా పిల్లలకి ల్యాబ్ నోట్సు తెలుగులో రాస్తున్నా. కాంతి వెళ్ళి తగిలి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం చెప్పే టైమ్ ఆఫ్ ఫ్లైట్ సెన్సర్‌ని, టేపుతో కొలిచి, గోడకి సరిగ్గా మీటరు దూరంలో పెట్టాం. వంద రీడింగుల సగటు 976 మిల్లీమీటర్లు, ఒక్కోటీ ఓ ఆరు అటూ ఇటూ ఊగుతోంది. పిల్లలేమో అసలు దూరం 970కీ 982కీ మధ్య అని రాసేశారు! "అనిశ్చితి" అని వివరించబోతే ఒకడు "అంటే సెన్సర్‌కి డౌటా సార్?" అన్నాడు. పోనీ "దోషం" అందామా?

— దోషం వద్దండీ. ఇంటర్‌లో క్రమ దోషం, యాదృచ్ఛిక దోషం అని చదివాం గానీ, దోషమంటే అసలు విలువకీ రీడింగుకీ ఉన్న తేడా. మీకు కావాల్సింది ఆ తేడా ఎంతవరకు ఉండొచ్చన్న అంచనా. "నూరు బస్తాలు, ఓ రెండు అటూ ఇటూగా" అనే రైతుకి డౌటేం లేదు, తన లెక్కని ఎంతవరకు నమ్మాలో చెబుతున్నాడు. "అటూ ఇటూ" అనే రాయండి.

— బాగుంది కానీ మీటరుకి తగ్గిన ఆ 24 అటూ ఇటూ ఊగట్లేదుగా, ఒకే వైపు ఉంది. దాన్ని నేను "మొగ్గు" అంటా, తక్కెడ మొగ్గినట్టు. రీడింగులు నాలుగు రెట్లు తీస్తే సగటులో ఊగుడు సగానికి తగ్గుతుంది, మొగ్గు వెయ్యి తీసినా కదలదు. నల్లటి గోడైతే తిరిగొచ్చే కాంతి తక్కువ కాబట్టి ఊగుడు పెరుగుతుంది. అసలు ఒక్క మిల్లీమీటరు తేడా అంటే రానూపోనూ కలిపి 6.7 పికోసెకన్లు, ఒక సెకనులో లక్ష కోట్లవ వంతుని పికోసెకను అంటారు, కాబట్టి ఊగకపోతేనే ఆశ్చర్యం. సెన్సర్ ముందు ప్లాస్టిక్ మూతేమైనా పెట్టారా? దానికి తగిలి వెంటనే వెనక్కొచ్చే కాంతి దూరాన్ని తక్కువ చేసి చూపిస్తుంది.

— మూత ఉందండీ! తీస్తే 998. మిగతా రెండు మిల్లీమీటర్ల తేడా టేపుదో సెన్సర్‌దో చెప్పలేం, టేపుకీ ఓ మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది. నోట్సులో ఊగుడు, మొగ్గు, రెండూ లెక్కేసి చెప్పే "అటూ ఇటూ" అని రాసేశా. హెడ్డింగులో మాత్రం అనిశ్చితే, పరీక్షలో అదే అడుగుతారు మరి.

— "ఊగుడు" మరీ మోటుగా ఉంది సార్, "ఊగిసలాట" అనొచ్చుగా?

— అంటే మళ్ళీ సెన్సర్‌కి డౌటే కదండీ!