సమస్య: వేరు లేని మొక్క విరులు పూచె (పూరణలు, సవరణలు)

నిర్వాహకుడు, నెల్లూరు:
ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను.

వేరు లేని మొక్క విరులు పూచె

ఐదూ సూర్యగణాలే (గురువు–లఘువు గానీ మూడు లఘువులు గానీ), వే–వి యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) పాదంలోనే కుదిరింది. మిగతా మూడు పాదాలు మీవి. సరళ గ్రాంథికమైనా వ్యావహారికమైనా పరవాలేదు, గణమూ యతీ మాత్రం వదలకండి. మాగుంట లేఅవుట్‌లో మా బంధువుల ఇంట్లో ఫెలనాప్సిస్ ఆర్కిడ్ ఒకటి ఉంది. కుండీలోంచి ఎత్తి చూస్తే వేళ్ళన్నీ గోధుమరంగు తిరిగి మెత్తబడిపోయాయి, పైన కాడ నిండా మాత్రం తెల్లటి పూలు. పాదం అక్కడే పలికింది. అదే మొక్క గురించి రాయాలని లేదు, కానీ ఎవరు ఏం రాసినా అసంభవాన్ని సంభవం చేసి చూపించాలి, అదీ మొక్కకు తెలిసిన దారిలో.

ఒంగోలు మాస్టారు:
ముందుగా నాది.

కుళ్ళు వేళ్ళు కోసి కొబ్బరి పీచులో
నీడ చోట నిలిపి నీరు చల్ల
వేసవెల్ల గడచి వెన్నెల వేళలో
వేరు లేని మొక్క విరులు పూచె

నిర్వాహకుడు:
మాస్టారూ, కు–కొ, నీ–నీ, వే–వె మూడు యతులూ సరిపోయాయి, గణాలూ ఎక్కడా జారలేదు. 'గడచి' దగ్గర మాత్రం గడిచింది వేసవి, పూచింది మొక్క, కర్తలు ఇద్దరయ్యారు కాబట్టి 'గడువ' అంటే సరిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది. వేళ్ళు కోశారు, నీళ్ళు చల్లారు, పూలు పూయించారు, కానీ వేరు లేకుండా ఎట్టా పూచిందో చెప్పలేదు. ప్రశ్న ఎక్కడిదక్కడే ఉంది.

కావలి అక్క:
మాస్టారూ నమస్కారం, ఛందస్సు నిర్వాహకులు చూస్తారు, నేను మొక్క సంగతి చెప్తాను, మా మేడ మీద ఆర్కిడ్లు ఉన్నాయి కాబట్టి ఊరుకోలేకపోతున్నాను. టెంకాయ పీచు సన్నగా ఉంటే నీళ్ళు పట్టుకుని వదలదు. అసలే వేళ్ళు కుళ్ళిన మొక్కను మళ్ళీ తడి గుడ్డలో చుట్టినట్టే అవుతుంది. బొగ్గు ముక్కలు, ఇటుక పెంకులు, చెక్కబెరడు, ఏదైనా సరే గాలి ఆడేదిగా ఉండాలి, కుండీకి అడుగునే కాదు పక్కన కూడా చిల్లులు ఉండాలి.

కోసేముందు వేరును రెండు వేళ్ళతో నొక్కి చూడండి. బతికున్న వేరు గట్టిగా ఉంటుంది, ఎండినప్పుడు వెండి రంగు, తడిపితే చూస్తుండగానే ఆకుపచ్చ. చచ్చిన వేరు నొక్కగానే పైతొక్క జారి చేతికొచ్చేస్తుంది, లోపల సన్నటి పీచు మాత్రం మిగులుతుంది. ఆ పైతొక్కే స్పాంజిలా నీళ్ళు పీల్చి లోపలికి పంపే పొర, అది పోతే వేరు ఉన్నా లేనట్టే. స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో చెడ్డవి తీసేసి, కోసిన మొన మీద మాత్రం కాస్త దాల్చినచెక్క పొడి అద్దండి. మంచి వేళ్ళకు తగలనీయొద్దు, అది వాటినీ ఎండగడుతుంది. కొత్త వేరు వచ్చేదాకా ఎరువు ఊసే వద్దు. మొక్క కదలకుండా పుల్లకు కట్టండి, ఊగితే కొత్త వేరు మొన విరిగిపోతుంది. ఒంగోలు బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, వాన నీళ్ళు పట్టి ఉంచుకుంటే అంతకంటే మంచిది లేదు.

నిర్వాహకుడు:
అక్క చెప్పింది పద్యంలోకి కూడా పనికొస్తుంది. మాస్టారూ, మీ పద్యాన్ని ఇట్టా తిప్పి చూశాను:

కుళ్ళు వేళ్ళు కోసి కొయ్యబొగ్గుల నాటి
నీడ చోట నిలిపి నీరు చల్ల
వేసవెల్ల గడువ వేరూన, నానాటి
వేరు లేని మొక్క విరులు పూచె

'వేరూన, ఆనాటి వేరు లేని మొక్క' అనేసరికి విరోధం తీరింది. అప్పుడు లేదు, ఇప్పుడు ఉంది. కాలం కూడా సరిపోతుంది. రోహిణి కార్తెలో పడమటి గాలి కొడుతూ 40 డిగ్రీలు దాటినప్పుడు ఫెలనాప్సిస్ ప్రాణం నిలుపుకుంటే అదే గొప్ప, కాడ వేసేది రాత్రిళ్ళు 20 డిగ్రీల దరిదాపుకు దిగి కొన్ని వారాలు అట్టాగే ఉన్నప్పుడు. మనకు అది మార్గశిరం, పుష్యం.

ఒంగోలు మాస్టారు:
'వేరూన నానాటి' ద్రుతసంధి ('వేరూనన్' చివరి నకారం 'ఆనాటి'తో కలవడం) చాలా బాగా పడింది. పీచు పోయి బొగ్గు రావడమూ సంతోషమే.

కావలి అక్క:
నా పూరణ. ఆర్కిడ్ కాదు, బిట్రగుంట దారిలో కంప మీద చూసింది.

కంపచెట్టు మీద గజిబిజి దారాలు
పసుపు నూలు పోగు పరచినట్లు
సీత పోగునూలు చిత్రమే కంటిరా
వేరు లేని మొక్క విరులు పూచె

నిర్వాహకుడు:
ఇది సమస్యకు సూటి జవాబు. సీతమ్మవారి పోగునూలు అంటే వేరే చెట్ల మీద బతికే పసుపు తీగ, మొలిచినప్పుడు దానికి చిన్న వేరు ఉంటుంది, ఆధారం దొరికి అల్లుకోగానే ఆ వేరు ఎండిపోతుంది, ఆపైన తిండంతా ఆ చెట్టు నుంచే, పూలు మాత్రం సొంతం. కం–గ, సీ–చి యతులు రెండూ చెల్లుతాయి. రెండో పాదంలో 'నూలు పోగు' అని మూడో పాదంలో మళ్ళీ 'పోగునూలు' రావడం ఒక్కటే కొరత. 'పసిడి జల్లు కురిసి పరచినట్లు' అంటే గణం చెడదు, రంగూ పోదు.

ఉదయగిరి నుంచి:
అన్నా, మా కొండవైపు మామిడి కొమ్మల మీద పట్టుకుని ఉండే ఆర్కిడ్ మనసులో పెట్టుకుని:

మట్టి యంటరాదు మామిడి కొమ్మపై
గాలి పట్టి బతుకు గట్టి మొక్క
మన్నులోన వెదుక మచ్చుకు నొక్కటి
వేరు లేని మొక్క విరులు పూచె

ఒంగోలు మాస్టారు:
'మన్నులోన వెదుక' అనడంలో ఉంది నేర్పంతా. వేళ్ళు ఉన్నాయి, మన్నులో లేవు. అయితే ఇది బదనిక లాంటిదే కదా, మామిడి రసం తాగదా?

కావలి అక్క:
తాగదండీ. బదనిక వేరును కొమ్మ లోపలికి దించి రసం లాగుతుంది, ఆర్కిడ్ బెరడును పట్టుకుని ఉంటుందంతే, దానికి కావలసింది వానలో జారే నీళ్ళు, గాలిలో తేమ, కొమ్మ మీద చేరిన చెత్తాచెదారం. చెట్టుకు చెడు చేస్తుందని కొట్టేసేవాళ్ళను చూశాను, పాపం. కుండీలో మట్టి పోసి ఆర్కిడ్ పెడితే ఎందుకు చస్తుందో కూడా ఈ పద్యంలోనే ఉంది.

కోవూరు నుంచి:
కుళ్ళిన ఫెలనాప్సిస్ ఒక్కోసారి పూలకాడ కణుపు దగ్గర పిల్లమొక్క వేస్తుంది కదా, దాని మీద.

తల్లి కాడ మీద తనకు తా మొలకెత్తి
పిలక యొకటి పెరిగి పెద్దదయ్యె
రంగు రూపులందు రవ్వయున్ తల్లికిన్
వేరు లేని మొక్క విరులు పూచె

నిర్వాహకుడు:
'వేరు' అంటే ఇక్కడ తేడా, శ్లేషతో దాటేశారు, అవధానంలో అయితే చప్పట్లు పడతాయి. విషయమూ నిజం, ఆ పిలక తల్లికి అచ్చు నకలు. దాని సొంత వేళ్ళు రెండు మూడు అంగుళాలు సాగాకే విడదీయండి.

పొదలకూరు తమ్ముడు:
సార్, నేను ఆటవెలది కొత్తగా నేర్చుకుంటున్నాను, తప్పులుంటే చెప్పండి. మా ఇంట్లో జరిగిందే రాశాను, అమ్మ ఎండాకాలం కదా అని రోజూ పోసేది.

రోజు నీళ్ళు పోసి పెంచినా ప్రేమతో
కుళ్ళి పోయె వేరు కుండి లోన
ఆకులందు నున్న యాఖరి నీటితో
వేరు లేని మొక్క విరులు పూచె

నిర్వాహకుడు:
తమ్ముడూ, మొదటి పాదంలో గణాలు ఉన్నాయి, యతి లేదు. రో కు పెం కుదరదు. ప్రాసయతి వేసుకో, అంటే మొదటి అక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలపడం, 'రోజు నీళ్ళు పోసి మోజుతో పెంచగా'. రోజు–మోజు, రెండు చోట్లా ముందు గురువే, హాయిగా ఒప్పుతుంది.

ఇక మూడో పాదం. ఈ వారం వచ్చిన వాటిలో నా మనసు పట్టుకున్నది ఇదే. మాస్టారు కాలాన్ని మార్చారు, అక్క మొక్కను మార్చింది, ఉదయగిరి వారు చోటు మార్చారు, కోవూరు వారు అర్థం మార్చారు, అన్నీ మంచి దారులే. నువ్వు ఏదీ మార్చలేదు. వేరు నిజంగానే లేదు, పూలు నిజంగానే పూచాయి, ఎట్టా అంటే ఆకుల్లో మిగిలిన నీళ్ళు ఖర్చుపెట్టి. మా బంధువుల ఇంటి మొక్క చేస్తున్నదీ అదే, కింది ఆకులు ముడతలు పడి వేలాడుతుంటే పైన మొగ్గలు విచ్చుకుంటున్నాయి. చూసినవాళ్ళు బాగుందనుకుంటారు, అది మాత్రం ఉన్నదంతా ఊడ్చి పెడుతోంది. 'ఆఖరి' అనే ఆ ఒక్క మాటలో ఆ బాధంతా పట్టావు.

ఒంగోలు మాస్టారు:
నాదీ అదే ఓటు. కరుణ రసం ఇంత చిన్న పద్యంలో ఇమిడింది, ఈ చేయి నిలబెట్టుకో నాయనా.

కావలి అక్క:
తమ్ముడూ, పద్యం బాగుంది కానీ మొక్క ఇంకా ఉందా? ఉంటే ముందు ఆ పూలకాడ కోసేయ్. ఆ బలం కొత్త వేళ్ళకు పోవాలి.

పొదలకూరు తమ్ముడు:
ఉందక్కా. కాడ కొయ్యడానికి అమ్మ ఒప్పుకోవడం లేదు, ఇన్నాళ్ళకు పూసిందని అందరికీ చూపిస్తోంది.

కావలి అక్క:
కోసి గాజు గ్లాసులో నీళ్ళు పోసి పెట్టమను, పూలు వారం పైనే నిలుస్తాయి, వచ్చినవాళ్ళకు చూపించుకోవచ్చు. మొక్కను కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని వెలుతురులో పెట్టు. నీళ్ళు పొద్దున పూట, బొగ్గు ఎండిందని చేత్తో చూశాకే. ఆకుల మధ్య గుండెలో నీళ్ళు నిలిస్తే దూదితో అద్ది తీసెయ్, అక్కడ కుళ్ళు మొదలైతే ఎవరూ ఏం చేయలేరు. ఆకులు గట్టిగా ఉన్నంతసేపు ఆశ వదలొద్దని అమ్మకు నా మాటగా చెప్పు.

నిర్వాహకుడు:
వచ్చే ఆదివారానికి ఇదీ ఆటవెలది నాలుగో పాదమే, పొదలకూరు అమ్మగారి ప్రేమను చూశాక తోచింది. నీ–నె యతి, చివరి గణం నగణం (మూడు లఘువులు).

నీళ్ళు పోసి చంపె నెయ్యమునను

పూరణలు శనివారం రాత్రిలోగా పంపండి. కొత్తవాళ్ళు గణవిభజన కూడా కింద రాస్తే చూడటం నాకు సులువు.